దారిపక్క బసవన్న, దారికందని గుత్తి

కర్నూలు నుంచి బెంగళూరు దారి నాకు కంఠతా వచ్చు. వెల్దుర్తి, డోన్, ప్యాపిలి, గుత్తి, అనంతపురం, పెనుకొండ, కొడికొండ చెక్‌పోస్టు. ముప్ఫై ఏళ్ళుగా ఆ దారిలో తిరుగుతున్నాను. ఎర్రబస్సుల కాలంలో అది 7వ నంబరు రోడ్డు, ఇప్పుడు 44. ఈ ముప్ఫై ఏళ్ళలో లేపాక్షి ఆరుసార్లు చూశాను. గుత్తి కోట మాత్రం మొన్న మొన్నటిదాకా ఒక్కసారీ ఎక్కలేదు.

వింత ఏమిటంటే, లేపాక్షి అసలు ఆ రోడ్డు మీద లేదు. కొడికొండ దగ్గర హైవే వదిలి చిలమత్తూరు మీదుగా పదిహేను కిలోమీటర్ల పైచిలుకు లోపలికి పోవాలి, చూసుకుని మళ్ళీ వెనక్కి రావాలి. గుత్తి అలా కాదు. కిటికీ పక్కన కూర్చుంటే చాలు, తనే ఎదురొస్తుంది. కొండ, కొండ మీద బండ, బండ చుట్టూ గోడ. బస్సులో ఎవరో ఒకరు పక్కనున్న పిల్లాడికి చూపిస్తారు, “అదిగో, గుత్తి కోట” అని. పిల్లాడు చూస్తాడు. బస్సు పోతుంది. అంతటితో గుత్తి చూసినట్టే లెక్క.

పక్కకు తిరిగి పోవాల్సినదాన్ని “దారిలోదే కదా, ఓ గంట” అంటాం. కళ్ళెదుట ఉన్నదాన్ని “అబ్బో, అది ఎవరెక్కుతారు” అంటాం. చేరడం కష్టమా సులువా అనేది కిలోమీటర్ల లెక్క కాదని నాకు ఇక్కడే అనుమానం మొదలైంది. మొన్న ఫిబ్రవరిలో మా అక్క కొడుకు, బెంగళూరులో ఉద్యోగం, కొత్త కారు కొన్నాడు. “ఈసారి రెండూ చూద్దాం మామా, నువ్వు ఏదో ఒకటి రాసుకుంటావు” అన్నాడు. బెంగళూరు వైపు నుంచి రావడంతో లేపాక్షి ముందు పడింది, గుత్తి తరవాత. ఎదురొచ్చి కాళ్ళకు నీళ్ళిచ్చే ఇంటికి ముందు పోయి, తలుపే తియ్యని ఇంటికి తరవాత పోయినట్టయింది.

లేపాక్షిలో బసవన్న ఊరి మొగదల్లోనే ఉంటాడు. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు, ఒకే రాయి. ఈ కొలతలు అందరూ చెప్పేవే. దగ్గరికి పోయి నిలబడితే కొలతలు మరిచిపోతాం. మెడలో గంటల పట్టెడ చూడండి. ఒక్కో గంటా విడిగా కదులుతుందేమో, వేలితో తడితే మోగుతుందేమో అనిపిస్తుంది. మెడ కింద వేలాడే గంగడోలు రాయిలా లేదు, బరువుతో కిందికి జారుతున్న తోలులా ఉంది. చెవులు నిక్కబొడిచాడు. పడుకున్న ఎద్దే గానీ నిద్రపోతున్న ఎద్దు కాదు. ఎవరో పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు ముందుకాళ్ళ దగ్గర ఒక బిగువు ఉంది. అడివి బాపిరాజుకు ఆయన మీద పాట కట్టాలని ఎందుకనిపించిందో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఆ బిగువు చూడ్డానికి ఎంతసేపు పడుతుంది? నేను చేతి గడియారం చూసుకుంటూ లెక్కపెట్టాను. కారు దిగిన ఒక కుటుంబం నాలుగు నిమిషాలు ఉంది. ఇంకో కుర్రాళ్ళ గుంపు ఆరు నిమిషాలు. అందులో నాలుగు నిమిషాలు, బసవన్న మూతిని చేత్తో నిమురుతున్నట్టు కనిపించేలా ఒకడు గాల్లో చెయ్యి పెడితే ఇంకొకడు ఫోను అటూ ఇటూ జరపడానికే పోయాయి. తప్పు పట్టడం లేదు, మా మేనల్లుడూ తీయించుకున్నాడు. తీసింది నేనే.

అయితే ఒకటి గమనించాను. ఆ ఫోటోలన్నిటిలో మనుషులు మనకేసి చూస్తుంటారు, బసవన్న చూడడు. ఆయన చూపు ఇంకెక్కడో ఉంది. దాదాపు 200 మీటర్ల అవతల వీరభద్రాలయంలో, ఏడు పడగల పాము చుట్టుకున్న నాగలింగం ఉంది. ఆయన చూసేది దాన్నే అంటారు. శివుడి ఎదుట నంది ఉండడమన్నది ఏ శివాలయంలోనైనా మామూలే. కానీ ఇక్కడ ఆ నందికీ ఆ లింగానికీ నడుమ ఇంత ఎడం పెట్టి, ఆ ఎడమంతటినీ ఒక చూపుతో కట్టాడు శిల్పి. ఇప్పుడు ఆ ఎడంలో ఇళ్ళున్నాయి, కొట్లున్నాయి, కొబ్బరిబోండాల బండ్లున్నాయి. బసవన్న దగ్గర కారు ఆపి, మళ్ళీ ఎక్కి, గుడి దగ్గర దిగుతాం. ఆ 200 మీటర్లు నడిచినవాడు ఆ పూట నాకు ఒక్కడూ కనబడలేదు. నడిస్తే తెలిసేది ఒకటుంది. బసవన్నా గుడీ రెండు చూడదగ్గ చోట్లు కావు, ఒకే వాక్యానికి మొదలూ తుదీ. మనం మొదటి మాటా చివరి మాటా చదివి మధ్యలోది వదిలేస్తున్నాం.

దారిపక్కన ఉండటంలో ఉన్న చిక్కు ఇదే. రోడ్డు మనకు వస్తువును అందిస్తుంది గానీ ఆ వస్తువు ఎవరివైపు తిరిగి ఉందో చెప్పదు. బసవన్నను చెక్కినవాళ్ళు రోడ్డును తలుచుకుని చెక్కలేదు. మన తారు రోడ్డు వచ్చి పక్కన చేరింది కాబట్టి ఆయన “దారిపక్క బసవన్న” అయ్యాడు.

గుడిలోపల కూడా ఇలాంటి తమాషాయే. తాబేలు వీపులాంటి బండ, దాన్నే కూర్మశైలం అంటారు, దాని మీద కట్టిన గుడి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల ఏలుబడిలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. నాట్యమండపంలో ఒక స్తంభం నేలకు పూర్తిగా ఆనదు. అదే వేలాడే స్తంభం. దాని దగ్గర వరుస. ఒకరు ఇటునుంచి తువ్వాలు దూరుస్తారు, ఇంకొకరు అటునుంచి లాగుతారు. చున్నీలు, కర్చీఫులు, ఒకాయన ఏకంగా మడిచిన న్యూస్‌పేపరు. ఎవరో దొర ఆ స్తంభాన్ని కదిలించి రహస్యం కనిపెట్టబోయాడని గైడు చెబుతాడు. అందరూ వంగి నేలకేసి చూస్తున్నారు.

సరిగ్గా వాళ్ళ నెత్తి మీద కప్పు నిండా బొమ్మలు. విజయనగర చిత్రకళ ఎట్లా ఉండేదో ఇంత వివరంగా చెప్పే చోట్లు చాలా తక్కువ. కిరాతార్జునీయం ఉంది, పార్వతీ పరిణయం ఉంది. చీరల మీద గళ్ళు, చారలు, పువ్వులు ఎంత శ్రద్ధగా వేశారంటే, ఆ కాలపు ఆడవాళ్ళు ఏం కట్టుకున్నారో తెలుసుకోవడానికి వేరే పుస్తకం అక్కర్లేదు. రంగులు వెలిశాయి, కొన్నిచోట్ల గీత మాత్రమే మిగిలింది. ఆ గీత కోసమైనా మెడ నొప్పెట్టేదాకా చూడొచ్చు. ఒక్క మండపంలోనే, కిందికి చూస్తే వింత, పైకి చూస్తే కళ. జనం వింతను ఎంచుకున్నారు. మెడ ఎత్తడం కన్నా నడుం వంచడం మనకు అలవాటు కాబోలు.

లేపాక్షి మాటకారి ఊరు. ఏ రాయిని కదిపినా కథ చెబుతుంది. రావణుడు రెక్కలు నరికితే జటాయువు పడింది ఇక్కడే, రాముడు “లే పక్షీ” అన్నది ఇక్కడే. అమ్మ వంట చేసి పెట్టేలోపు శిల్పులు ఊరికే కూర్చోలేక నాగలింగం చెక్కేశారు. రాజు శిక్ష వేసేలోపు విరూపణ్ణ తన కళ్ళు తనే పెరికి గోడకేసి కొట్టాడు. ఇదిగో ఆ మరకలు. ఇది సీతమ్మ పాదం, ఇందులో నీళ్ళు ఎన్నడూ ఆరవు. ఇన్ని కథలున్న చోట పిల్లలు విసుగుపడరు, పెద్దలు కాళ్ళనొప్పులు తలుచుకోరు. 2022లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఈ గుడీ బసవన్నా ఎక్కడం సంతోషమే. కానీ ఆ జాబితా రాకముందు కూడా లేపాక్షికి జనం కొదవలేదు. చరిత్ర తెలియనివాడు కూడా పట్టుకోవడానికి ఇక్కడ కథ అనే కొంగు ఉంది.

పెనుకొండ దగ్గర మేం ఆగలేదు. తళ్ళికోట తరవాత విజయనగర రాజులు తలదాచుకున్న రాజధాని అది, ఒక్క పూటలో తేలేది కాదు. గగన్ మహల్‌ను ఇంకోసారికి దాచుకుని, కియా ఫ్యాక్టరీ పక్కనుంచి పోయాం. అనంతపురంలో రాత్రి బస.

గుత్తికి తెల్లవారి ఆరున్నరకల్లా చేరాలని అనుకున్నాం, ఏడున్నర అయింది. ఊళ్ళోకి వచ్చాక తెలిసింది అసలు సంగతి. మైళ్ళ దూరం నుంచి కనబడే కోట, ఊళ్ళోకి వస్తే కనబడదు. ఇళ్ళు అడ్డం, సందులు అడ్డం. కోటకు ఎటు పోవాలో చెప్పే బోర్డు మాకు కంటబడలేదు. ఫోనులో మ్యాపు మమ్మల్ని ఒక గోడ దగ్గరికి తెచ్చి “చేరుకున్నారు” అంది. గోడ మీద పిడకలున్నాయి. అరుగు మీద కూర్చున్న పెద్దాయనను అడిగాం.

“కోటకా? ఎక్కతారా?” అన్నాడు, నన్ను కింది నుంచి పైదాకా చూసి.

“ఎక్కుదామని వచ్చాం పెద్దాయనా.”

“ఎక్కండి. నీళ్ళు తీసకపోండి. పైన ఏముండవు. ఎండ పడేలోగా దిగొచ్చేయండి సా.”

ఒక లీటరు సీసా ఉంది మా దగ్గర. చాలనుకున్నాం.

గుత్తి కోట ఒక్క కొండ కాదు. ఊరి చుట్టూ వలయంగా కొండలు, వాటి మధ్య మెడల మీద గోడలు, ఆ వలయంలో పడమటి కొస బండ మీద అసలు దుర్గం. చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 300 మీటర్ల ఎత్తు. చాళుక్య విక్రమాదిత్యుడి కాలపు కన్నడ శాసనాలున్నాయి. విజయనగర కాలపు శాసనం ఒకటి దీన్ని దుర్గాలకే రాజు అని పొగిడింది. ఎక్కుతుంటే ఆ పొగడ్త ఎందుకో కాళ్ళకు తెలుస్తుంది. దారి తిన్నగా పోదు. ఒక వాకిలి దాటి, ఇక వచ్చేశాం అనుకోగానే దారి వంపు తిరుగుతుంది, ఆ వంపు మీద మరో గోడ మన నెత్తి మీదికి వస్తుంది. ఆ గోడ మీద నిలబడినవాడు మనల్ని చూస్తాడు, మనకు వాడు కనబడడు. నాలుగో వాకిలి దగ్గర నాకు ఆయాసం వచ్చి కూలబడ్డాను. తలుపు ఇరుసు తిరిగిన రాతి గుంట పక్కనే ఉంది. వేలు పెట్టి చూశాను. నున్నగా, అద్దంలా అరిగింది. ఎన్ని వందల ఏళ్ళు ఎంత బరువైన తలుపు అందులో తిరిగి ఉంటుందో. లేపాక్షిలో గంటల పట్టెడను ఉలి నున్న చేసింది, ఇక్కడ ఈ గుంటను కాపలా నున్న చేసింది.

అక్కడే కూర్చుని ఆలోచిస్తే నవ్వొచ్చింది. “గుత్తి చేరడం కష్టం” అని ముప్ఫై ఏళ్ళు సణిగాను కదా, ఈ కోట కట్టినవాడు అది వింటే పొంగిపోయేవాడు. అతడు కోరుకున్నది అదే. తాళం తెరుచుకోవడం లేదని దొంగ ఫిర్యాదు చేసినట్టుంది నా వరస. లేపాక్షిలో ప్రాకారం మనల్ని లోపలికి తెస్తుంది, ఒక మండపం ఇంకో మండపానికి అప్పజెబుతుంది. గుత్తిలో ప్రతి వాకిలీ “ఇక చాలు, వెనక్కి పో” అనడానికి పుట్టింది. రెండూ రాతి కట్టడాలే, రెండిటినీ “చూడదగిన స్థలాలు” అనే ఒకే గంపలో వేస్తున్నాం. ఒకటి రమ్మని కట్టింది, ఒకటి రావొద్దని కట్టింది. సులువుగా అందలేదని కోటకు మార్కులు తగ్గించడం, చేదుగా ఉందని కాకరకాయను తిట్టడం లాంటిది.

పైకి పోయేసరికి పది. సీసాలో అడుగున రెండు గుక్కలు. పైన కూలిన గోదాములు, మందుగుండు కొట్లు, ఎండిన గుంటలు, ముళ్ళకంప. వాటన్నిటినీ దాటి బండ అంచున ఒక చిన్న మండపం లాంటిది ఉంది, మురారిరావు కూర్చున్న చోటు అంటారు. 18వ శతాబ్దంలో ఈ కోటను ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే ఇక్కడ చదరంగం ఆడేవాడట, ఉయ్యాల ఊగేవాడట. ఖైదీలను అంచు నుంచి తోయించి చూసేవాడని కూడా చెప్పుకుంటారు. నిజమెంతో గానీ, ఆ అంచున నిలబడి కిందికి చూస్తే ఉయ్యాల మాట మీద కన్నా తోయించిన మాట మీదే నమ్మకం కుదురుతుంది.

అతడి అసలు కథ వేరే. దానికి దయ్యాలూ దేవుళ్ళూ అక్కర్లేదు. హైదరాలీ ఈ కోటను ముట్టడించాడు. కోట లొంగలేదు. వాకిళ్ళు, వంపులు, గోడలు అన్నీ తమ పని తాము చేశాయి. పైనున్న నీళ్ళు మాత్రం అయిపోయాయి. మురారిరావు సంధికి ఒప్పుకుని, డబ్బు పూర్తిగా చెల్లేదాకా పూచీగా ఒక కుర్రవాడిని హైదరు దండులోకి పంపాడు. ఆ కుర్రవాడు అక్కడ మాటల్లో పడి, దాహం వల్లే లొంగాం గానీ లేకపోతేనా, అని నోరు జారాడట. హైదరు ఆ ముక్క పట్టుకున్నాడు. ఏదో సాకు చూపి సంధి తప్పించి, పైన నీటిచుక్క లేకుండా అయ్యేదాకా కూర్చున్నాడు. 1776లో గుత్తి అతడి చేతికి వచ్చింది. మురారిరావు కబ్బాళదుర్గంలో బందీగా పోయాడు. ఇంగ్లీషు చరిత్రకారులు రాసిపెట్టిన ముచ్చట ఇది.

మా మేనల్లుడికి ఈ కథ చెబుతూ సీసాలో చివరి గుక్క తాగాను. వాడు సీసా కేసి చూసి, “మామా, నువ్వు కూడా ఇప్పుడే లొంగిపోయావు” అన్నాడు.

అంత మంచి కథ ఉండి కూడా గుత్తి దాన్ని చెప్పుకోదు. లేపాక్షి మరకల్ని చూపించి కథ చెబుతుంది. గుత్తిలో ఎండిపోయిన గుంట ఎండిపోయిన గుంటలాగే ఉంటుంది. దాని పక్కన నిలబడి “ఈ నీళ్ళు అయిపోయినందుకే ఈ సీమ చేతులు మారింది” అని చెప్పే గైడు లేడు, ఆ నాలుగు ముక్కలు రాసిన పలక నాకు కనబడలేదు. పురాణం నోటినుంచి నోటికి దానంతటదే పాకుతుంది, చరిత్రను ఎవరో ఒకరు పూనుకుని చెప్పాలి. లేపాక్షికీ గుత్తికీ మధ్య నాకు తోచిన అసలు ఎడం ఇదే.

ఇంకొకటి కూడా పైకి ఎక్కితేనే తెలిసింది. మురారిరావు కూర్చున్న చోట కూర్చుంటే దారులన్నీ కనబడతాయి. 44వ నంబరు రోడ్డు మీద లారీలు చీమల బారులా పోతున్నాయి. ఇంకోవైపు మద్రాసు–బొంబాయి రైలుమార్గం, దాని మీద ఒక గూడ్సు, డబ్బాలు లెక్కపెట్టేంత నిదానంగా. మా వాడు, “ఇన్నాళ్ళూ మనం కిటికీలోంచి దీన్ని చూస్తున్నాం అనుకున్నాం” అన్నాడు. నిజమే. దారి మీద పోయేవాడు కోటను చూడాలని కాదు, కోట దారి మీద పోయేవాడిని చూడాలని ఆ చోటు ఎంచుకున్నారు. దారిపక్కన ఉన్న విశేషం గుత్తి కాదు. గుత్తికి కింద కనబడే విశేషం ఆ దారి, అందులో మనం.

అయితే కోట కష్టమంతా ఒక్క రకం కాదు. ఈ విమర్శలో నాకు తేల్చాలనిపించింది అది. వాకిళ్ళు, వంపులు, ఏటవాలు, ఆయాసం కట్టినవాడి కష్టం. దాన్ని తీసేస్తే కోటే ఉండదు. రేపెవరైనా రోప్‌వే వేసి పది నిమిషాల్లో పైన దించితే, ఎక్కే తీరులోనే ఉన్న కోటను పోగొట్టుకుని పైన మిగిలిన రాళ్ళను చూసి వస్తాం. కానీ బోర్డు లేకపోవడం, అడుగు పెట్టనివ్వని ముళ్ళకంప, తాగడానికి గుక్కెడు నీళ్ళు దొరకకపోవడం మన చేతకానితనం. దానికి చారిత్రక విలువేమీ లేదు. లేపాక్షిలోనూ ఇలాగే రెండు రకాల సులువులున్నాయి. గుడి తనంతట తానిచ్చే సులువు ఒకటి. అది మండపం నుంచి మండపానికి, చీకట్లోంచి వెలుగులోకి నడిపిస్తుంది. మనం తెచ్చిపెట్టుకున్న సులువు ఇంకొకటి. అది బసవన్న దగ్గర ఒకసారి, గుడి దగ్గర ఒకసారి కారు దింపి మధ్యలో ఉన్న చూపును తెంపేస్తుంది. నన్నడిగితే గుత్తికి కాస్త సులువు కావాలి, లేపాక్షికి కాస్త కష్టం కావాలి. కారు ఊరి బయటే ఆపి ఆ 200 మీటర్లు నడిపిస్తే చాలు.

దిగేటప్పుడు కొండ కింద ఇంగ్లీషువాళ్ళ సమాధుల తోట గుర్తొచ్చింది. దత్తమండలాలకు కలెక్టరుగా పనిచేసి, తరవాత మద్రాసు గవర్నరైన థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో పోతే, ముందు గుత్తిలోనే పూడ్చారు. తరవాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. మన్రో మీద అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్న సీమ ఇది. ఆయన కూడా గుత్తిలో నిలవలేదు. నా కాళ్ళు అప్పటికే వణుకుతున్నాయి, తోటలోకి పోలేదు.

మా పోలిక ఇక్కడితో ముగిసిందనుకున్నాను. కారెక్కాక మా వాడు ఫోను చూసి, “ఎర్రగుడి ఇక్కడికి పదిహేను కిలోమీటర్లు కూడా లేదు మామా, పత్తికొండ రోడ్డులోనే” అన్నాడు. పోయాం. అక్కడ నా లెక్క తప్పింది.

రమ్మనే చోటు, రావొద్దనే చోటు అని రెండు పెట్టుకున్నాను కదా. ఎర్రగుడి మూడోది. దారిన పోయేవాళ్ళు చదవాలనే అశోకుడు అక్కడ రాయించాడు. క్రీ.పూ. 3వ శతాబ్దం నాటి మాట. లేపాక్షికీ గుత్తికీ రోడ్డు తరవాత వచ్చి తగులుకుంది, ఎర్రగుడి పుట్టిందే బాటసారి కోసం. పద్నాలుగు పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ ఒకేచోట ఉన్నాయి. వాటిలో పదమూడోది కళింగ యుద్ధం మీద పశ్చాత్తాపం, ఆంధ్రుల పేరున్నది కూడా అందులోనే. రోడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే బండలు. ఎక్కనక్కర్లేదు, వంగనక్కర్లేదు, నడుమ గోడలు లేవు. లోకంలో ఇంత సులువుగా చేరగలిగిన చక్రవర్తి మాట ఇంకోటి ఉండదేమో. చేరి నిలబడ్డాను. ఒక్క అక్షరం రాలేదు. లిపి బ్రాహ్మి, భాష ప్రాకృతం.

అక్షరాలు పెద్దవేం కావు. ఎండ పక్కవాటుగా పడితేనే గీతలో నీడ నిలిచి అక్షరం తేలుతుంది, నడినెత్తి మీదికి వస్తే బండలో కలిసిపోతుంది. మేం పోయేసరికి మిట్టమధ్యాహ్నం. మా వాడు ఫోను లైటు వేసి, కాసేపు తన నీడ పడేలా అడ్డం నిలబడి, ఎట్లాగో ఒక వరస పట్టుకున్నాడు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి పోయి, తరవాతివి కుడి నుంచి ఎడమకు తిరుగుతాయి. చేలో మడక చివరికంటా పోయి ఎద్దుల్ని తిప్పుకుని వచ్చినట్టు. ఏ లేఖకుడో, ఎందుకట్లా తిప్పాడో. వాడు చూపుడువేలుతో తాకకుండా గాల్లోనే ఆ సాళ్ళ వెంట పోతున్నాడు, అటు, మళ్ళీ ఇటు. నిన్న బసవన్న దగ్గర నాలుగు నిమిషాలు నిలవనివాడు ఇక్కడ, తనకు రాని అక్షరాల ముందు, అరగంట కదలలేదు. దానికి నా దగ్గర సమాధానం లేదు. లేపాక్షిలో అంతా ముందే చెప్పేశారు, ఇక్కడ ఏమీ చెప్పలేదు కాబట్టి కాబోలు.

ఒకాయన మేకల్ని తోలుకొస్తూ ఆగాడు. తలకు తువ్వాలు, చంకలో నీళ్ళ సీసా.

“వజ్రాలకొచ్చినారా సా? ఇప్పుడు దొరకవు. తొలకరి పడాల.”

ఈ జొన్నగిరి చేలల్లో తొలి వానలకు వజ్రాలు పైకి తేలతాయి. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి చెట్ల కింద మకాం వేసి, తలలు వంచి నేల వెతుక్కుంటారు. అది తెలిసిందే. వజ్రాలకు కాదని, ఈ రాతలు చూడ్డానికని చెప్పాను. ఆయన మా మొహాలు చూసి సీసా ముందుకు చాపాడు.

“తాగండి. రెండువేల ఏండ్లంట ఇవి. మా జేజి కాలంలో పైకప్పు గూడా లేదు. ఇందులో ఏం రాసినారు సా?”

నేను గొంతు తడుపుకున్నాను. మా వాడు అప్పటికే ఫోనులో వెతికి పెట్టుకున్నాడు. రెండో శాసనం సంగతి చెప్పాడు. రాజు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాడనీ, మందుమొక్కలు నాటించాడనీ, దారుల వెంట మనుషులకోసం, గొడ్లకోసం చెట్లు పెట్టించి బావులు తవ్వించాడనీ.

ఆయన పత్తికొండ రోడ్డును అటు చివరిదాకా, ఇటు చివరిదాకా చూశాడు. మేకలు అప్పటికే రోడ్డు దాటుతున్నాయి.

“ఎప్పుడు తవ్విస్తారంట?” అన్నాడు.